మన పేరు పెట్టుకున్న పురుగు

మరాఠీలో సాలెపురుగును కోళీ అంటారు. చేపలు పట్టేవాడిని కూడా కోళీ అనే అంటారు. వాళ్ళకు అది వల పన్నేవాడిలా కనబడ్డది. మన పెద్దలకు నేసేవాడిలా కనబడ్డది, అందుకే సాలె పేరు పెట్టారు. షోలాపూర్‌లో పుట్టి, నలభై ఏండ్లు సాంచాల మీద పని చేసి కూడా నేను ఈ పేరు గురించి ఎన్నడూ ఆలోచించలేదు. పండుగ ముందు బూజుకర్ర పట్టుకుని దులపడమే తెలుసు. మా ఇంటామెకు ఆ బాధ వచ్చిన తర్వాతే గోడల వైపు చూడడం మొదలుపెట్టాను.

రెండేండ్ల కింద, దసరా ముందు సంగతి. ఇల్లంతా దులిపిన మర్నాడు ఆమెకు నడుము ఎడమ పక్కన మంట మొదలైంది. రెండు రోజులకు అక్కడ ఎర్రబడి నీటిబొబ్బలు లేచినయి. వీపు నుంచి పొట్ట దాకా పట్టీ వేసినట్టు, ఒక్క పక్కనే. వాడలో అందరిదీ ఒకటే మాట. "బూజు దులిపినవు గద వదినా, సాలెపురుగు పాకింది" అన్నారు. నేనూ నమ్మాను. ఒకరు పసుపు పూయమంటే పూశాము, ఇంకొకరు సున్నం పెట్టమంటే పెట్టాము. నేనైతే పురుగుల మందు డబ్బా కొని మూలమూలకూ కొట్టాను. ఆమెకు రాత్రులు నిద్ర లేదు, చీర కట్టు తగిలినా ఓర్చుకోలేకపోయేది.

ఎనిమిదో రోజు దవాఖానకు తీసుకపోయాను. డాక్టరమ్మ చూడగానే, "ఇది పురుగు పని కాదు, నాగీణ్" అన్నది. మన తెలుగులో సర్పి అనేది అదే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గినా, ఆ క్రిమి ఒంట్లోనే నరాల దగ్గర దాగి ఉంటుందట. వయసు మీద పడ్డాక మళ్ళీ లేస్తుందట. "బొబ్బలు లేచిన మూడు రోజుల్లో వస్తే మందు బాగా పనిచేస్తుంది. ఇన్ని రోజులు ఏం చేసిండ్రు?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. బొబ్బలు మూడు వారాల్లో మాడిపోయినయి గాని, మంట మాత్రం ఐదు నెలలు ఉన్నది.

"మరి సాలెపురుగుల మీద మందెందుకు కొట్టినవు తాతా?" అని మా మనవరాలు అడిగింది. ఆరో తరగతి పిల్ల. దానికి ఏం చెప్పాలి? అప్పుడు పెట్టెలో పడి ఉన్న నా పిక్ గ్లాసు బయటికి తీశాను. అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్క పెట్టే మడత అద్దం అది. సాయంత్రం పూట నేను టార్చి పట్టుకుంటే, అది అద్దం పెట్టి చూసేది. తన సైన్సు టీచరును అడిగి వచ్చి నాకు చెప్పేది. బట్ట చూస్తే ఎట్లాంటి నేతో మనకు తెలుస్తుంది గదా, అట్లనే గూడు చూస్తే ఆ పురుగు ఏ జాతిదో చాలావరకు తెలుస్తుంది.

కప్పు మూలల్లో, మోరీ గదిలో దూది విడదీసినట్టు వదులుగా, ఒక పద్ధతి లేకుండా ఉండే గూడు పొడుగు కాళ్ళ సాలెపురుగుది. కాళ్ళు వెంట్రుకలంత సన్నం. తలకిందులుగా వేలాడుతుంది. పుల్లతో ముట్టితే పారిపోదు, ఒళ్ళంతా ఊపుతుంది. ఎంత జోరుగా ఊపుతుందంటే పురుగే కంటికి ఆనదు. ఆడది గుడ్ల మూటను నోట కరిచి పట్టుకుని తిరుగుతుంది. దోమలను తింటుంది, వేరే సాలెపురుగులను కూడా తింటుంది.

బీరువా వెనక, కిటికీ కింద చిక్కుపడ్డ నూలులా ఉండి, అందులోంచి కొన్ని పోగులు నేల దాకా బిగువుగా దిగి ఉంటే, అది గుండు పొట్ట సాలెపురుగుది. ఆ పోగుల అడుగునే జిగట ఉంటుంది. చీమ తగిలిందంటే పోగు నేల నుంచి ఊడి, చీమను పైకి ఎత్తేస్తుంది.

గోడ మీద రూపాయి బిళ్ళకన్నా చిన్నగా, సున్నం మరకలా తెల్లటి గూడు కనబడితే తుడవకుండా దగ్గరికి పోయి చూడండి. చుట్టూ సన్నటి పోగులు చాచి ఉంటాయి. లోపల నువ్వు గింజంత పురుగు ఉంటుంది. చీమ వస్తే దాని చుట్టూ గిరగిర తిరుగుతూ పోగు చుట్టేస్తుంది, మనం కండెకు నూలు చుట్టినట్టు.

వేట కోసం గూడు కట్టనివి కూడా ఉన్నాయి. గోడ మీద ఎగిరెగిరి ఈగలను పట్టే చిన్నది ఒకటి. అది దూకే ముందు గోడకు ఒక పోగు అంటిస్తుంది, పట్టు తప్పినా కింద పడకుండా. రాత్రి పూట బొద్దింకలను పట్టే గోధుమరంగు పెద్దది ఇంకొకటి. అరచేయంత ఉంటుంది, చూస్తే గుండె జల్లుమంటుంది. ఆడది బిళ్ళలాంటి గుడ్ల సంచిని పొట్ట కింద మోస్తుంది.

ఇక అసలు నేత పని చూడాలంటే ఇంటి బయట చెట్ల మధ్య చూడాలి. బండి చక్రం లాంటి గూడు అది. ముందు నడిమి నుంచి ఆకుల్లాగా పోగులు లాగుతుంది. అది పడుగు అనుకోండి. తర్వాత జిగట లేని పోగు నడిమి నుంచి బయటికి నాలుగు చుట్లు తిప్పుతుంది, మేస్త్రీ సారువ కట్టినట్టు. ఆఖరుకు బయటి నుంచి లోపలికి దగ్గర దగ్గరగా జిగట పోగు వేస్తూ, ఆ సారువ విప్పేస్తుంది. పడుగుకు జిగట లేదు, పేకకే ఉంది. చాలా జాతులు పాత గూడును తినేసి మళ్ళీ కొత్తది నేస్తాయి. నాడె లేదు, కరెంటు లేదు, వేస్టు కూడా లేదు. ఆ పని చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

దుమ్ము పట్టి నల్లగా వేలాడే బూజు చాలావరకు ఖాళీ ఇల్లే. దాన్ని దులుపుకోవచ్చు.

వీటికి విషం లేదని కాదు, తమ తిండిని చంపుకోవడానికి ఉన్నది. మన ఇండ్లలో మామూలుగా కనబడే ఇవి మనిషి మీద పడి కుట్టవు. చేతిలో నలిపితే కొరకవచ్చు. కొరికితే సబ్బుతో కడగండి, వాపు పెరిగినా జ్వరం వచ్చినా దవాఖానకు పోండి. ఒంటికి ఒక్క పక్కనే పట్టీలాగా మంట, బొబ్బలు లేస్తే మాత్రం పసుపు, సున్నం అని కూర్చోకండి. మూడు రోజులు దాటనీయకండి. మేము దాటనిచ్చి అనుభవించాము.

మొన్న దసరాకు మా ఆమె మళ్ళీ బూజుకర్ర పట్టింది. ముందు కర్ర కొసతో మెల్లగా ముట్టి చూసింది. మోరీ గదిలో పొడుగు కాళ్ళది ఊగడం మొదలుపెట్టింది. "ఉన్నది" అన్నది. పండుగ పూట ఇల్లు శుభ్రంగా ఉండాలని ఆ గూడు తీసేసింది గాని, పురుగును కర్ర మీదనే బయటికి తీసుకపోయి గోడ మీద విదిలించింది. పది రోజులకు అదో, దాని చుట్టమో, అదే మూలలో మళ్ళీ నేత మొదలుపెట్టింది.