డెంటింగు సాయిబులు

తుప్పు లోపల్నుంచి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే పాత జీపు వస్తే మేం ముందు సుత్తితో తట్టి వింటాం. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు రేకు మొద్దుగా పలుకుతుంది. కాళ్లకింద ఫ్లోరు, బురద నిలిచే మూలలు ముందు పోతాయి. పుట్టీ పూస్తే ఒక్క వానాకాలం ఆగదు. గట్టి ఇనుము తగిలేదాకా కోసెయ్యాల్సిందే. అట్ట మీద కొలత గీసి, కొత్త రేకు కత్తిరించి, ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వెల్డింగు పెట్టాలి. వరసపెట్టి కాలిస్తే రేకు వంకర తిరుగుతుంది.

‘ఈ పని మీ సాయిబులకే చేతనవును’ అంటారు. ఆ నోటితోనే క్రికెట్ మ్యాచి రోజున ‘మీరెటువైపు?’ అంటారు!

ఏం చెప్పాలి? మన దేశంలో ఈ జీపులు బిగించిన కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశం చీలాక ఆ మలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. వెళ్లినవాడు వాటాదారు. సుత్తి పట్టినవాళ్లం ఇక్కడే ఉన్నాం. ఆయన వెళ్లినందుకు మమ్మల్ని లెక్క అడగటమేమిటి?

నిన్న వచ్చిన జీపాయనా పుట్టీ చాలన్నాడు. కోస్తేగానీ కుదరదన్నాం. పొద్దున రేకు కొనుక్కొచ్చాడు.