నామమునకు తగిన రూపము

ఆంగ్లదేశంలోని ఒక దేవాలయంలో అర్చకత్వం నిర్వహించే నాకు రైలుబొమ్మలతో ఏమి సంబంధమని పాఠక మహాశయులు ఆశ్చర్యపడవచ్చు. ఆ బొమ్మ ఒకటి నా అపరాధాన్ని నాకు చూపించింది.

మా వీధిలో ఒక వృద్ధుడున్నారు. ఆయన తండ్రి 1950ల ఆరంభంలో ఆవిరియంత్రంలో బొగ్గు వేసే ఫైర్‌మన్. తండ్రి పనిచేసిన యంత్రపు నమూనా ఆయనకు లభించలేదు. అదే తరగతికి చెందిన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ నమూనా 60103 సంఖ్యతో లభించింది. అసలు యంత్రంలో 76వ వంతు పరిమాణం. దాని సంఖ్యను మార్చి తండ్రిగారి యంత్రంగా చేయాలని ఆయన సంకల్పించారు.

ద్రావకంలో తడిపిన దూదిపుల్లతో, మూడు మిల్లీమీటర్ల ఎత్తైనా లేని అంకెలను, అడుగున ఉన్న ఆకుపచ్చ రంగు చెదరకుండా తుడిచారు. నీటిలో నానబెట్టిన పలుచని పొరల నుండి కొత్త అంకెలను జార్చి, కుంచె మొనతో వరుస సరిదిద్దారు. పేరుఫలకం కూడా మార్చారు. పని పూర్తయిందని నేను భావించాను. ఇంకా అసత్యమేనన్నారాయన. ఆ నమూనాకు జంట పొగగొట్టం, ఇరుప్రక్కలా పొగను మళ్ళించే రేకులు ఉన్నవి. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు అవి వరుసగా 1959లో, 1961లో అమరినవి. తండ్రిగారి కాలంలో వారి యంత్రానికి రెండూ లేవు. కనుక రేకులు తొలగించాలి, పొగగొట్టం మార్చాలి.

నేను వేదాంతం చెప్పబోయాను. 1923లో 1472 సంఖ్యతో పుట్టిన ఆ యంత్రమే మరుసటి ఏడు 4472 అయినది, 1946లో 103, రైల్వేల జాతీయీకరణానంతరం 60103 అయినది. సంఖ్యలు మారినా యంత్రమొక్కటే కదా! ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మృత్తికా దృష్టాంతంతో బోధించినదీ ఇదే కదా!

ఆయన శాంతంగా బదులిచ్చారు. “ఇనుము ఒక్కటేనని నాకూ తెలుసు. కాని మా నాన్న ఇనుము మీద పనిచేయలేదు, ఆ ఒక్క యంత్రం మీద పనిచేశారు. ఆయన సంఖ్యను మరొకదాని రూపానికి అతికిస్తే, నేను స్మరించేది ఎవరిని?”

నాకు నోట మాట రాలేదు. గత సంవత్సరం ఒక యువకుని చేత పితృశ్రాద్ధం చేయించాను. మన ఇండ్లలో మనుమనికి తాతగారి పేరు పెట్టడం ఆచారం కదా, ఆ వంశంలోనూ పేర్లు తరం విడిచి తరం పునరావృతమవుతున్నవి. త్వరలో ఉన్న నేను తండ్రి స్థానంలో తాత పేరు ఉచ్చరించాను. అతడు గుర్తించి, తడబడుతూ చెప్పాడు. “పితృదేవతలకు అన్నీ తెలుసు నాయనా” అని ముందుకు సాగిపోయాను. అతని ముఖం వాడిపోవడం చూచి కూడా చూడనట్లున్నాను.

పరమార్థంలో నామరూపాలు మిథ్యయే. అయితే ఆ వాక్యం జ్ఞానికి అనుభవం. నాకు ఆనాడు అది అశ్రద్ధను కప్పిన వస్త్రం మాత్రమే. వ్యవహారంలో నిలబడి, ఒకరి తండ్రిని పేరుతో పిలిచే బాధ్యత స్వీకరించినవాడు అద్వైతాన్ని అడ్డు పెట్టుకొనరాదు.

ఆ సాయంకాలమే ఆ యువకునికి ఫోన్ చేసి క్షమాపణ వేడుకొన్నాను. ఈ ఏటి తిథినాడు మూడు తరాల పేర్లను కాగితంపై వ్రాయించుకొని, కర్మారంభానికి ముందు అతనికి చదివి వినిపించాను. తండ్రి పేరు వద్ద అతడు తల ఊపాడు. అప్పుడు సంకల్పం ప్రారంభించాను.

శుభం భూయాత్.