మారిషస్‌లో బస ఎక్కడ?



మన సమాజం నుంచి నాలుగు కుటుంబాలు మారిషస్ ప్రయాణం పెట్టుకుంటున్నాయని తెలిసింది. మేము కిందటి ఆగస్టులో వెళ్ళి వచ్చాం కదా, "ఎక్కడ దిగారు, ఎక్కడ దిగమంటారు" అని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు. అందరికీ ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నాం. మేము దిగిన చోట మాత్రం దిగవద్దు.

మ్యాపులో చూస్తే చుక్కంత దీవి. మన గంజాం జిల్లాలో నాలుగో వంతు కూడా ఉండదు. ఎక్కడ దిగినా ఒకటేలే అనుకుని, ఉత్తరాన గ్రాండ్ బేలో సముద్రం ఎదురుగా ఆరు రాత్రులకి డబ్బు కట్టేశాం. తక్కువలో వచ్చింది. బరంపురం వాళ్ళం, తక్కువలో వస్తే వదులుతామా!

కానీ అది అగ్నిపర్వతం పేర్చిన నేల. చుట్టూ తీరం, మధ్యలో ఎత్తయిన పీఠభూమి. నడిమధ్య ఉన్న క్యూర్‌పిప్ ఊరు సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊళ్ళోనే చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు ఉంది, అంచు మీద నిలబడి లోపలికి తొంగిచూడొచ్చు. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి ఆ ఎత్తుకి తగిలి వాన కురిపిస్తుంది. దాటి పడమటికి దిగితే ఎండ. గ్రాండ్ బేలో చెమట పడుతుంటే బయల్దేరి, గంటన్నరకి పీఠభూమి మీద సన్నటి చల్లటి జల్లులో దిగేవాళ్ళం. గోపాలపూర్‌లో గది తీసుకుని రోజూ దారింగబాడి వెళ్ళి వచ్చినట్టే అనుకోండి. పైగా పొద్దున్నే పోర్ట్ లూయీ దగ్గర కార్ల బారు.

రోజూ ఎందుకు వెళ్ళామంటారా? మాతో పెద్దమ్మ వచ్చింది. ఎనభై రెండేళ్ళు. ఆమెకి సముద్రం అక్కర్లేదు, మనకి గోపాలపూర్ ఉంది కదా అంది. వాళ్ళ ముత్తాతగారి అన్న చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. 1834 నుంచి మన దేశం కూలీలు అలా లక్షల్లో వెళ్ళారు. కోరంగి రేవులో ఎక్కేవాళ్ళు కనుక తెలుగువాళ్ళకి అక్కడ కోరంగీలనే పేరు పడింది. వాళ్ళ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి: నంబరు, తండ్రి పేరు, వయసు, ఓడ, కొందరివి ఫోటోలు కూడా. ముందుగా రాసి అనుమతి తెచ్చుకున్నాం.

గురువారం మేము చేరేసరికి పదకొండు దాటింది. శుక్రవారం సాయంత్రానికి, మూసే వేళకి, గంజాం అని రాసి ఉన్న పేర్లు మూడు దొరికాయి. ఆయనది సింహాద్రి దేవుడి పేరు. మన వైపు ఇంటికొకరు ఉండే పేరే కదా, మూడు దొరకడంలో వింత లేదు. తండ్రి పేరు చూసి తేల్చుకోవాలి. శని, ఆదివారాలు సెలవు. సోమవారం పొద్దున్న పెద్దమ్మకి ఒళ్ళు కాలిపోతోంది. రోజుకి మూడు గంటలు కారులో, వేడిలోంచి చలిలోకి, చలిలోంచి వేడిలోకి తిప్పింది మేమే. ఆమెని వదిలి మేమిద్దరమూ వెళ్ళలేకపోయాం. మంగళవారం విమానం.

కనుక మా మాట వినండి. ఒకచోటే ఉండిపోకండి, బస రెండు చోట్ల పెట్టుకోండి. మొదటి మూడు రాత్రులు రోజ్ హిల్‌లోనో కాత్ర్ బోర్న్‌లోనో వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకోండి. మెట్రో రైలు ఉంది, రోజ్ హిల్ నుంచి ఒక శాఖ రెద్వీ దాకా వెళ్తుంది, మోకా ఆ పక్కనే. పప్పు వండుకుని మన అప్పడాలు వేయించుకోవచ్చు. శాలువా మరచిపోకండి. గంగా తలావ్ కూడా పీఠభూమి మీదే. అదీ అగ్నిపర్వతం నోట్లో నిలిచిన నీరే.

తరవాత మూడు రాత్రులు సముద్రం. మన వేసవి వాళ్ళకి చలికాలానికి ముందు వేళ, మన చలికాలం వాళ్ళకి వేసవి. జూన్ నుంచి సెప్టెంబరు లోపల వెళ్తే పడమటి తీరం, ఫ్లిక్-ఆ-ఫ్లాక్ వైపు మంచిది. తూర్పు తీరంలో అప్పుడు గాలి ఆగదు. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల కాలం, ఆ సంగతి మనకి వేరే చెప్పాలా? దక్షిణాన గ్రి-గ్రి దగ్గర పగడపు దిబ్బ అడ్డం లేక అలలు నేరుగా కొండరాయిని కొడతాయి. చూసి రండి, అక్కడ ఈతకి దిగకండి. తెల్లవారుజామున విమానమైతే చివరి రాత్రి మహేబూర్‌లో పడుకోండి, విమానాశ్రయం దగ్గర.

ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. అప్పుడు కుదిరినవాళ్ళు అదృష్టవంతులు. సింహాద్రి అప్పన్న పూజ అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ చేస్తారని విని పెద్దమ్మ గదిలో పడుకునే ఏడ్చింది.

ఆ మూడు నంబర్లూ రాసుకున్న చీటీ మా దగ్గర ఉంది. మీలో ఎవరైనా మోకా వైపు బస పెట్టుకుంటే చెప్పండి, చీటీ ఇంటికి తెచ్చి ఇస్తాం. తండ్రి పేరొక్కటి చూసి రావాలి. పెద్దమ్మ రోజూ అడుగుతోంది.