రాజనీతి, ఫ్రెంచి, ఒక పాత కాగితం

ఎం.ఏ.లో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు తీసుకొని, వాటితోపాటు ఫ్రెంచి కూడా చదువుతానన్నప్పుడు మా విద్యార్థి సంఘం మిత్రులు నవ్వారు. "మాతృభాషలో బోధన కావాలని ఊరేగింపులు తీసేవాడివి, దొరల భాష నీకెందుకోయ్?" అన్నారు. నా దగ్గర గట్టి జవాబు లేదు. మా తాతయ్యది యానాం, ఆయన ట్రంకు పెట్టెలో ఫ్రెంచి కాగితం ఒకటుంది, అది చదవాలి అని మాత్రం చెప్పాను. అది వాదన కాదని నాకూ తెలుసు.

అది 1998. ఉదయం ఫ్రెంచి, మధ్యాహ్నం రాజనీతి. రెండు తరగతులకూ మధ్య ఒక్క వరండాయే అడ్డం. ఫ్రెంచి వాచకంలో మనుషులు కాఫీ హోటళ్లలో కూర్చొని ఎండావానల గురించి మాట్లాడుకునేవారు. ఆ దేశానికి సైన్యం వుందని గాని, వలసలు వుండేవని గాని అందులో ఎక్కడా కనబడదు. రాజనీతి గ్రంథాలలో సైన్యాలూ వలసలూ ఒడంబడికలూ అన్నీ వున్నాయి. అయితే అక్కడ ఫ్రెంచి ప్రభుత్వం కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఈ రెండు చదువులకూ పొత్తు ఎక్కడో నాకు చాలాకాలం బోధపడలేదు.

మరుసటి సంవత్సరం, 1999 అక్టోబరు 18న, ఫ్రాన్సులో ఒక చట్టం వచ్చింది. అల్జీరియాలో 1954 నవంబరు 1న మొదలై 1962లో స్వాతంత్ర్యంతో ముగిసిన పోరాటాన్ని ఫ్రెంచి రాజ్యం అంతవరకూ తన చట్టాలలో యుద్ధమనలేదు. "ఉత్తర ఆఫ్రికాలో జరిపిన చర్యలు" అన్నది. అల్జీరియా ఫ్రాన్సులో భాగమేనని దాని వాదన. సొంత ఇంట్లో యుద్ధమేమిటి, శాంతిభద్రతలు కాపాడటమే గదా! లక్షల మంది ప్రాణాలు తీసినదానికి యుద్ధమనే పేరు చట్టంలోకి ఎక్కడానికి 37 ఏళ్లు పట్టింది.

ఆ తేదీ నన్ను మరో సంగతికి లాక్కుపోయింది. యానాం పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినదీ 1954 నవంబరు 1ననే. అప్పగింత ఒడంబడికపై 1956 మే 28న సంతకాలయ్యాయి. అది అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న, అల్జీరియా స్వతంత్రమైన ఆరు వారాలకు. అక్కడ యుద్ధం సాగుతున్నంత కాలం, వలసను వదులుకునే ఒడంబడికను ఆమోదించడానికి ఫ్రెంచి పార్లమెంటు తొందరపడలేదు. గోదావరి ఒడ్డున వున్న మా వాళ్ల భవిష్యత్తు ఆఫ్రికా ప్రజల పోరాటంతో ముడిపడి వున్నదని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ సంక్రాంతికి తాతయ్య దగ్గరకు వెళ్లి కాగితం అడిగాను. 1926 నాటి ఆయన జనన నమోదు అది. పేర్లు, తేదీ, ఆయన తండ్రి వృత్తి "కూలి" అని చదివి ఊరుకున్నాను.

"ఇంకా వుంది గదరా, చదువు" అన్నాడు తాతయ్య.

చివరి వాక్యం తెలుగు చేసి చెప్పాను: చదివి వినిపించిన మీదట, తనకు సంతకం చేయడం రాదని తండ్రి చెప్పినాడు.

తాతయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అయ్యకి సంతకం రాదని రాశాడు, బాగానే వుంది. వాడు చదివింది మా అయ్యకి తెలిసిందో లేదో, అదెక్కడైనా రాశాడా?" అన్నాడు.

రాయలేదు. ఏ భాషలో చదివి వినిపించారో కూడా అందులో లేదు.

ఇప్పుడు నేను రాజనీతి పాఠాలు చెబుతున్నాను. మాతృభాషలో బోధన కావాలన్న కోరికను వదులుకోలేదు. దానికి ఆ కాగితమే పెద్ద సాక్ష్యం. అయితే పాలకుడు యుద్ధాన్ని "చర్య" అని రాసిపెట్టిన చోట మనం తెలుగులో యుద్ధమని రాయాలంటే, ముందు వాడేమని రాశాడో చదవగలగాలి గదా! ఆ చదువు దొరల కోసం కాదు. నా మిత్రులకు ఆనాడు ఇవ్వలేకపోయిన జవాబు ఇదే.