పాండేసరలో కెరటాల పాఠం

ఉద్యోగరీత్యా సూరత్ చేరినవారికి పాండేసర అనగానే రంగుల మిల్లుల పొగగొట్టాలు, మరమగ్గాల హోరు స్ఫురిస్తాయి. సముద్రం ఎవరికీ గుర్తుకు రాదు. చిత్రమేమంటే, కెరటాన్ని గురించి నేను నేర్చుకున్న కాస్తంత పాఠమూ ఆ సందుల్లోనే దొరికింది.

ఒక ఆదివారం చీరల కోసం అక్కడికి వెళ్లినప్పుడు, టీ కొట్టు వద్ద ఒడియా మాటల నడుమ తెలుగు వినిపించి ఆగాము. మాట్లాడుతున్నది గంజాం తీరంవాడైన ఒక మగ్గం కార్మికుడు. ఒడియావారు నోలియాలని పిలిచే తెలుగు జాలరి కుటుంబంలో పుట్టి, బరంపురంలో పూరీ–అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇరవై ఏళ్ల క్రితం ఇక్కడికి వచ్చాడట. మా అబ్బాయి, తాను ఋషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటూ పదే పదే బోర్లా పడిన దృశ్యాలను ఫోనులో అతనికి చూపించాడు. వాడు కొనుక్కున్న పలక ఆరడుగులది. సన్నగా, ముక్కు పైకి వంగి, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దాని ఖరీదు తలచుకుంటే నాకు ఇప్పటికీ దిగులే. ఇక ఆ ఆట తనకు రాదని వాడు నిశ్చయించుకున్నాడు కూడా.

ఆయన కాసేపు చూసి, "నీ తప్పేటీ లేదు బాబూ. పలక సన్నం. చిన్న కెరటానికి బలముండదు కదా, పలకే తేలాల. మా తెప్ప వెడల్పుంటాది గనకే కెరటం ఎత్తుకుంటాది" అన్నాడు.

తరువాత విచారిస్తే ఆ మాట అక్షరాలా నిజమని తేలింది. సన్నని పొట్టి పలకలు నిటారుగా లేచి విరిగే బలమైన కెరటాలకు తగినవి. నడుమెత్తు కూడా లేని కెరటానికి ఎనిమిది అడుగుల పొడవు, ఇరవై రెండు అంగుళాల వెడల్పు, సుమారు మూడు అంగుళాల మందం గల పలక మేలు. ముక్కు వంపు తక్కువగా, తోక వెడల్పుగా ఉండాలి. పలక ఘనపరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. మనిషి బరువు పెరిగిన కొద్దీ లీటర్లూ పెరగాలి. పూర్వం హవాయి దొరలు 'ఓలో' అనే పొడవాటి మందపు కొయ్య పలకలను వాడినదీ, నింపాదిగా వచ్చే అలల మీద అవి చక్కగా తేలేవి గనుకనే.

మరుసటి ఆదివారం ముగ్గురమూ డుమాస్ వెళ్లాము. నల్లని ఇసుక. ఖంభాత్ అఖాతపు పోటుపాట్లు అతి పెద్దవి. మేము వెళ్లిన వేళ నీరు ఎంతో దూరం వెనక్కి పోయి బురద తేలింది. అది ఆటకు తగిన చోటు కాదు. ఇన్నేళ్లలో ఆయన సముద్రం చూడటం అది రెండోసారట. పన్నెండు గంటల పాళీ చేసేవానికి డుమాస్ కూడా దూరమే మరి. ఇసుక మీద బోర్లా పడుకుని, చేతులతో ఎలా తోసుకోవాలో చూపించాడు: కెరటం వీపు తాకక ముందే వేగం అందుకోవాలి, గడ్డం పలకకు దగ్గరగా వంచి బరువు ముందుకు పంపాలి, లేచాక వెనక్కి జరగరాదు. వెనక్కి జరిగితే తోక మునిగి పలక ఆగిపోతుంది. నలభై దాటిన ఆ మనిషి ఒక్క ఉదుటున లేచి నిలబడిన తీరు చూస్తే, ఇరవై ఏళ్లు మగ్గం ముందు గడిపినవాడని ఎవరూ అనుకోరు.

వేసవి సెలవుల్లో ఋషికొండలో శిక్షకుని సమక్షంలో అద్దెకు తీసుకున్న ఎనిమిది అడుగుల ఫోమ్ పలకపై అబ్బాయి మళ్లీ దిగాడు. మోకాలెత్తు కెరటాలే. నాలుగోసారి లేచి, ఒడ్డు ఇసుక తగిలే దాకా నిలబడే వచ్చాడు. సాయంత్రం ఆ దృశ్యం పాండేసరకు పంపాము. రాత్రి పాళీ ముగిశాక, తెల్లవారుజామున ఆయన నుంచి ఫోను వచ్చింది.

"బాబు వెనక్కి జరగనేదు కదా?"