తలనొప్పి అన్న పిల్లను టీచరే ముందు చూడాలి

ఆదిలాబాద్ గూడేల బడుల్లో పనిచేసే మేము హాజరు రాస్తాం, బరువు తూస్తాం, కళ్ల పరీక్షకు పంపుతాం. తలలో గడ్డ గురించి మాత్రం మా టీచర్ శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

మూడో తరగతి పిల్ల ఒకతి పొద్దున లేవగానే తల నొస్తుందనేది. వాంతి అయితే తేలికపడేది. నెల తిరిగేసరికి నడక తూలింది, పలక మీద అక్షరాలు వంకరపోయాయి. ఒక దవాఖానలో కడుపులో పురుగులని మందిచ్చారు. ఇంట్లో దేవర కోపమన్నారు. మేము తండ్రితో, "దాదా, పూజ మానొద్దు. పూజ చేసే పెద్ద దవాఖానకు పోదాం" అన్నాం.

కరీంనగర్‌లో ఎమ్మారై తీయించాం. ఇందులో ఎక్స్‌రేలుండవు. అయస్కాంతం, రేడియో తరంగాలతో పని. ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ ఆ తరంగాలకు బదులిస్తుంది, కంప్యూటర్ దాన్ని బొమ్మగా మారుస్తుంది. మంచి కండలో, గడ్డలో నీరు ఒకే తీరుగా ఉండదు కనుక తేడా కనబడుతుంది. 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. అందుకే లోహమేదీ లోపలికి పోకూడదు. తాయెత్తు తీయడానికి తల్లి ఒప్పుకోలేదు. దాన్ని ఆమె కొంగునే ముడివేయించి, గది బయట కూర్చోబెట్టాం.

కదిలితే బొమ్మ చెదురుతుంది. బాగా చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు. ఈ పిల్లకు తెలుగులో "కదలకు" అంటేనే బెదురు. మేము గోండీలో చెప్పాం: దండారీ డోళ్లలా మోగుతుంది, నువ్వు రాయిలా పడుకో అని. పడుకుంది.

చిన్నమెదడులో గడ్డ కనబడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో ఎమ్మారై చూపుతుంది. ఏ రకమో తేల్చేది మాత్రం తీసిన ముక్కకు చేసే పరీక్షే. ఇప్పుడా పిల్ల కాస్త తూలుతూనే బడికొస్తోంది. గడ్డ మళ్లీ పెరుగుతుందేమోనని డాక్టర్లు చెప్పిన గడువుకల్లా స్కాన్‌కు పోవాలి. తండ్రికి ప్రతిసారీ రెండు రోజుల కూలి పోతుంది, బస్సు ఖర్చు వేరే. ఆ పైసలకు ఊరు చందా వేసుకుంటోంది.

తోటి టీచర్లారా, తలనొప్పులన్నీ గడ్డలు కావు. కానీ పొద్దుటి తలనొప్పి, వాంతి, తూలే నడక, కొత్తగా వచ్చిన మెల్లకన్ను, తల ఒక పక్కకు వాల్చడం, మూర్ఛ కనబడితే తేదీతో సహా రాయండి. ఆ కాగితం తల్లిదండ్రుల చేతికివ్వండి. డాక్టరు పిల్లను ఐదు నిమిషాలు చూస్తాడు, మనం రోజంతా చూస్తాం. మనం చూసింది దవాఖాన దాకా పోవాలి.