నేతిగిన్నె

నాన్నగారు గుండెపోటుతో పోయిన నాటినుండి అమ్మ నేతిగిన్నెను అటకెక్కించింది. "ఈ చేతులతోనే వడ్డించాను కదరా" అని ఇప్పటికీ కుమిలిపోతుంది. ఆ మాట మాన్పించడానికే నేను కొలెస్ట్రాల్ గురించి చదవనారంభించాను.

1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి ధమనులలో కొవ్వు పేరుకోవడం చూపించాడు. పాపం, ఆకులలములు మేసే ప్రాణులు! మనిషి సంగతి వేరు. మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో అధికభాగం శరీరమే తయారు చేసుకుంటుంది. దానిని మోసుకు తిరిగే ఎల్‌డీఎల్‌ను రక్తంలోనుండి వెనక్కి లాగేది ముఖ్యంగా కాలేయం. అలా లాగే గ్రాహకాల గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. కొన్ని కుటుంబాలలో ఆ గ్రాహకాలు పుట్టుకతోనే లోపిస్తాయి. వారి రక్తనాళాల గోడలలో పసితనంనుండే కొవ్వు చేరుతూ ఉంటుంది.

నాన్నగారి పాత కాగితాలలో ఎల్‌డీఎల్ 240 అని ఉంది. తాతగారైతే నలభై ఆరేళ్ళకే, పొలంగట్టున ఛాతీ పట్టుకుని కూలిపోయారట. సంకటి, పచ్చిపులుసు తప్ప నేతి ముఖమెరుగని మనిషి!

నెయ్యి నిర్దోషి అనను. దానిలోని సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. కాని ఇంత నేరం దానిది కాదు, అమ్మది అసలే కాదు.

ఇదంతా అమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే నీకూ ఉంటుందేమిట్రా?" అంది.

నా రిపోర్టు అప్పటికి వారంరోజులుగా సొరుగులో ఉంది.